సరుకు నౌకను పట్టే కుర్చీ

అంతరిక్ష కేంద్రానికి తిండీ నీళ్లూ మోసుకెళ్లే నౌకలో మనుషులుండరు. అది దగ్గరకొచ్చి ఆగగానే కేంద్రానికున్న రోబో చేయి దాన్ని పట్టుకుంటుంది. ఆ చేతిని ఆడించేది ఇక్కడ కెనడాలో, నేల మీద, మా కంట్రోల్ రూమ్‌లోని ఒక కుర్చీ నుంచి. ఆ కుర్చీ కోసం మూడేళ్లు శిక్షణ పొందాను. నౌక రావడానికి ఐదు నెలల ముందు ఆయన నన్ను తప్పించాడు.

ఆయన మా సీనియర్, తెలుగువాడే. ఒషావాలో తెలుగువాళ్లం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళితే నా పులిహోర రెండుసార్లు వడ్డించుకునే మనిషి.

"నీ యాక్సెంట్ హెడ్‌సెట్‌లో క్లియర్‌గా లేదమ్మా. మేనేజర్‌కి నేనే చెప్పా. నీ మంచికే" అన్నాడు.

ఆయన యాక్సెంట్ నాకన్నా మందం. పైకి మాత్రం "సరే అన్నయ్యగారూ" అన్నాను. కుర్చీ ఆయనే తీసుకున్నాడు.

నన్ను ట్రైనింగ్ టీమ్‌లో పడేశారు. సిమ్యులేటర్‌లో చెప్పకుండా లోపాలు పుట్టించి, కుర్చీలో ఉన్నవాళ్లను పరీక్షించడం మా పని. వాళ్లు చెక్‌లిస్టు చూసి ఒక్కో స్టెప్పూ చదువుతూ చేయాలి. ఆయన చదవడు. పుస్తకాలకు పుస్తకాలు బట్టీ పట్టి ర్యాంకు కొట్టానని గొప్పగా చెప్పుకునే రకం. చెక్‌లిస్టునూ అలాగే మింగేసి, పేజీ తెరిచిపెట్టి, గడగడా అప్పజెప్పేవాడు. తెల్లవాళ్లెవరూ పసిగట్టలేదు. నేనూ అలాగే చదివినదాన్ని కాబట్టి నాకు వినగానే తెలిసింది.

ఆఖరి పరీక్షకు వారం ముందు చెక్‌లిస్టు మారింది. నౌక ఇంజన్లు ఆగాయో లేదో చూశాకే చేయి ముందుకు పోవాలి. పాతదాంట్లో అది తర్వాత ఉండేది. కొత్త కాపీ అందరికీ అందింది. ఆ రోజు నేను పుట్టించిన లోపం ఒక్కటే, ఒక ఇంజన్ ఆగదు. చదివినవాడికి అది చిన్న విషయం. ఆయన పాతదే అప్పజెప్పాడు. చేయి పట్టుకుంది, నౌక తోసింది, స్క్రీనంతా ఎర్రబడింది. నాకు హాయిగా అనిపించింది.

తప్పు చేసినవాళ్లే అందరి ముందూ దాన్ని ఒప్పుకోవడం మా దగ్గర పద్ధతి. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆయన చెప్పాడు. నా కోపం మాత్రం పోలేదు.

సాయంత్రం పార్కింగ్ లాట్‌లో, మంచులో, నా కారు పక్కన నిలబడ్డాడు.

"ఇంకో రన్ ఇప్పించమ్మా. నువ్వు రికమెండ్ చేస్తే చాలు. చూడ్డానికి ఇంట్లోవాళ్లని కూడా పిలిచేశా."

"రూల్స్ ఒప్పుకోవు అన్నయ్యగారూ" అన్నాను.

రూల్స్ ఒప్పుకుంటాయి. నేనే ఒప్పుకోలేదు.

ఆయన తప్పాక, ఆ కుర్చీకి శిక్షణ పూర్తయినది నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి, నౌక వచ్చిన మధ్యాహ్నం కుర్చీలో నేనున్నాను. ప్రతి స్టెప్పూ పైకి చదివి పట్టుకున్నాను. మళ్లీ చెప్పమని ఒక్కరూ అడగలేదు. తర్వాత ఫొటోలకని కుటుంబాలను లోపలికి రానిచ్చారు. ఆయన కూతురికి పదేళ్లుంటాయి. కుర్చీలన్నీ ఒకసారి చూసి, "డాడ్, విచ్ వన్ ఈజ్ యువర్స్?" అంది.

ఆయన నా వైపు చూశాడు. లేచి, ఒక్క ఫొటోకి ఆయనకు చోటివ్వొచ్చు. నేను లేవలేదు.