జంగయ్య సార్ అడిగే మూడు ప్రశ్నలు

ఆటగాణ్ణి మైదానంలోకి పంపే ముందు జంగయ్య ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుంటాడు. అతని బూటు లేసు విప్పుతాడు. మళ్ళీ బిగించి రెండు ముళ్ళు వేస్తాడు. బూటు మీద అరచేత్తో ఒకసారి తట్టి లేస్తాడు. పదకొండు మందికీ అంతే. ఆట మధ్యలో దిగేవాడికీ అంతే. ముందే గట్టిగా కట్టుకున్నామని ఎవరూ అనరు. నలభై ఆరేళ్ళుగా బొల్లారంలోని ఆ కాలేజీకి ఫుట్‌బాల్ ఆడిన ప్రతివాడి బూటునూ ఆ చేతులు ముట్టుకున్నాయి.

ఇప్పుడాయనకు డెబ్బై ఐదు. వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగం నుంచి యాభై ఎనిమిదో ఏట దిగిపోయాడు. కోచ్ పని నుంచి దిగలేదు. దిగమని ఎవరూ అనలేదు. కాలేజీ వరండాలో పదహారు కప్పులున్నాయి. పదహారూ ఆయన కాలానివే. ఒకప్పుడు ఆయన దగ్గర ఆడి, ఇప్పుడు రైల్వేలోనో బ్యాంకులోనో పనిచేసేవాళ్ళు ఆదివారాలు వచ్చి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంటారు. మీరు లేకుంటే ఈ గ్రౌండుకు రాబుద్ధి కాదు సార్ అంటారు. ఆయన ఏటా ఒకే మాట అంటాడు. ఈ ఒక్క సీజన్ కానీ. ఆ మాట మొదటిసారి అని పదకొండేళ్ళయింది.

పేరు కప్పుల వల్ల వచ్చింది. తల్లిదండ్రులు నమ్మి పిల్లల్ని పంపింది మాత్రం మూడు ప్రశ్నల వల్ల.

ఇరవై రెండేళ్ళప్పుడు జంగయ్య కార్ఖానా బస్తీ జట్టుకు ఆడేవాడు. ఒక మ్యాచ్‌లో జీవరాజు అనే జతగాడి తల గోలు స్తంభానికి తగిలింది. మొహాన నీళ్ళు చల్లారు. నిమ్మచెక్క నాకించారు. జీవరాజు లేచాడు, నవ్వాడు, ఆట పూర్తి చేశాడు. తిరిగొచ్చే బస్సులో జంగయ్య భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. చిలకలగూడలో లేపితే లేవలేదు.

కోచ్ అయిన నాటి నుంచి, తలకు దెబ్బ తగిలినవాణ్ణి జంగయ్య గీత బయట కూర్చోబెట్టి మూడు అడుగుతాడు. స్కోరెంత? మనం ఏ దిక్కు గోలు కొడుతున్నం? ఆఖరి గోలు ఎవరు కొట్టిండ్రు? పేరు అడగడు. పేరు నిద్రలో కూడా చెబుతారంటాడు. మూడింటిలో ఒకటి తప్పినా ఆ పూటకు ఆట లేదు. ఫైనల్లో కెప్టెన్‌ను అలా కూర్చోబెట్టి కప్పు పోగొట్టుకున్న ఏడూ ఉంది. మైదానంలో డాక్టరు ఉండడు. ఐసు డబ్బా, కట్లు కట్టే గుడ్డ ఉంటాయి. ఎవడు ఆడాలి, ఎవడు కూర్చోవాలి అన్నది ఆయన ఒక్కడి మాట.

నిరుడు దసరా సెలవుల తర్వాత రాఘవేందర్ ఒక సంగతి చూశాడు. రాఘవేందర్ ఆయన దగ్గర ఆడినవాడే. పన్నెండేళ్ళుగా ఆయనకు సహాయకుడు. ఆ రోజు ఆట మధ్యలో దిగాల్సిన కుర్రాడికి జంగయ్య లేసులు కట్టాడు. బూటు తట్టి లేచాడు. కుర్రాడు ఒక అడుగు వేసి బోర్లా పడ్డాడు. ఎడమ బూటు లేసూ కుడి బూటు లేసూ కలిపి ముడి వేసి ఉన్నాయి. సార్ పరాచికమాడాడని అందరూ నవ్వారు. జంగయ్యా నవ్వాడు. అయితే ముందు వాళ్ళ మొహాలు చూసి, ఆ తర్వాత నవ్వాడు. రాఘవేందర్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పేర్లు పోవడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఇరవై ఏళ్ళ కిందటి గోల్‌కీపర్ను పేరు పెట్టి పిలిచి, వాడింకా రాలేదేమని కోప్పడ్డాడు. ఒక సాయంత్రం ప్రాక్టీసు రెండుసార్లు చేయించాడు. అప్పటినుంచి రాఘవేందర్ ఆయనకు ఒక అడుగు వెనక నిలబడసాగాడు. పిల్లల ముందు సార్‌ను దిద్దకూడదని అతని నియమం. ఆయన తన వైపు తిరిగేదాకా ఆగి, చెవి దగ్గర పేరు చెప్పేవాడు. ఆయన అప్పుడే గుర్తొచ్చినట్టు ఆ పేరు పలికేవాడు. ఇది ఏడాది నడిచింది. బాగానే నడిచింది.

ఒకసారి ఆయన భార్య ఎల్లమ్మ రాఘవేందర్‌ను చిలకలగూడ ఇంటికి పిలిపించింది. బస్సు దిగి ఇంటికి రావాల్సిన మనిషి రైల్వే స్టేషన్లో కూర్చుని ఉంటే, తెలిసిన కూలీ ఒకడు తీసుకొచ్చాడని చెప్పింది. ఆమె గొంతు తగ్గించలేదు. జంగయ్య పక్క గదిలోనే ఉన్నాడు.

"ఇంట్ల మర్చిపోతే నేనున్న బిడ్డా. గ్రౌండ్ల ఎవరున్నరు?"

"నేనున్న గదమ్మా," అన్నాడు రాఘవేందర్.

ఆమె అతన్ని కిందికీ మీదికీ చూసింది. "నువ్వు ఆయన ముందట నోరు తెరిచింది నేనైతే సూడలే," అంది.

మర్నాడు అతను ప్రిన్సిపాల్ దేవానందం దగ్గరికి వెళ్ళాడు. దేవానందం అంతా విన్నాడు. జనవరిలో పాత విద్యార్థులందరూ వస్తున్నారని, సార్‌కు సన్మానం పెట్టుకున్నామని, ఆ వేదిక మీదే గౌరవంగా సెలవు ఇప్పిద్దామని అన్నాడు. రెండు నెలలు ఓపిక పట్టమన్నాడు. రాఘవేందర్ తలూపి వచ్చేశాడు. రెండు నెలలు పెద్ద కాలమనిపించలేదు.

కాలేజీల పోటీ నవంబర్లో మొదలైంది. సెమీఫైనల్ వాళ్ళ మైదానంలోనే, మధ్యాహ్నం మూడింటికి. గెలిస్తే మర్నాడు పొద్దున తొమ్మిదికి ఫైనల్. ఆ రోజు గాలి లేదు. మబ్బు కిందికి దిగి అలాగే ఉండిపోయింది. రైలు పోయిన తర్వాత కూడా పట్టాల చప్పుడు చాలాసేపు వినిపించింది.

మొదటి సగంలో జంగయ్య జట్టు పట్టాల వైపు గోలుకు కొట్టింది. ఎదుటివాళ్ళు ఒకటి వేశారు. విష్ణువర్ధన్ తలతో కొట్టి సమం చేశాడు. విరామం తర్వాత దిక్కులు మారాయి. ఇక వీళ్ళు కొట్టాల్సింది నీళ్ళ ట్యాంకు వైపు. ఎనిమిదో నిమిషంలో విశ్వతేజ రెండో గోలు కొట్టాడు. విశ్వతేజ డిగ్రీ రెండో ఏడు. కార్ఖానాలో రంగుల దుకాణం నడిపే జోగారావు కొడుకు. అంత దూరం నుంచి కొడతాడని ఎవరూ అనుకోలేదు. జంగయ్య బెంచీ మీద నుంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

పది నిమిషాల తర్వాత విశ్వతేజ బంతి కోసం గాల్లోకి లేచాడు. ఎదుటి జట్టువాడూ లేచాడు. తలలు తగిలిన చప్పుడు బెంచీ దాకా వచ్చింది. విశ్వతేజ పడ్డాడు. కాసేపటికి తనే లేచాడు. ఇద్దరు చెరో చెయ్యి పట్టి గీత బయటికి తెచ్చి కూర్చోబెట్టారు.

జంగయ్య అతని ఎదురుగా మోకాలి మీద కూర్చున్నాడు.

"స్కోరెంత బిడ్డా?"

"వన్ ఆల్ సార్."

"ఏ దిక్కు కొడుతున్నం?"

"పట్టాల దిక్కు."

"ఆఖరి గోలు ఎవరిది?"

"విష్ణుది."

విశ్వతేజ తడుముకోలేదు. కళ్ళు తేటగా ఉన్నాయి. జంగయ్య తలూపాడు. అతని బూటు లేసు విప్పాడు.

రాఘవేందర్ ఒక అడుగు వెనకే ఉన్నాడు. మూడూ విన్నాడు. అదనపు ఆటగాళ్ళు ఐదుగురు పక్కనే ఉన్నారు. వాళ్ళూ విన్నారు. ఎవరూ కదల్లేదు. సార్ ఇప్పుడు తన వైపు తిరుగుతాడని రాఘవేందర్ చూశాడు. తిరిగితే చెవిలో చెప్పొచ్చు. జంగయ్య తిరగలేదు. ముడి బిగించి, బూటు తట్టి, రెఫరీకి చెయ్యి ఎత్తాడు. రెఫరీ రమ్మని సైగ చేశాడు. విశ్వతేజ పరిగెత్తాడు.

అప్పుడు రాఘవేందర్ "సార్" అన్నాడు. జంగయ్య తిరిగాడు. "బానే ఉన్నడు, పరేషాన్ గాకు," అన్నాడు. వాడి బదులు ఇంకొకణ్ణి పంపుదామని, వాడు చెప్పింది సరిగా లేదని రాఘవేందర్ మెల్లగా నచ్చజెప్పడం మొదలుపెట్టాడు. మూడూ కరెక్టే చెప్పిండు గదా అన్నాడు జంగయ్య. ఆ మాట పూర్తి కాకముందే మైదానంలో విశ్వతేజకు బంతి అందింది. అతను దాన్ని తీసుకుని సొంత గోలు వైపు నాలుగడుగులు నడిచాడు. ఆగాడు. అక్కడే కూర్చున్నాడు. వాంతి చేసుకుని పక్కకు ఒరిగాడు.

ఆస్పత్రిలో స్కాన్ తీశారు. పుర్రె లోపల రక్తం గడ్డ కట్టిందన్నారు. సాయంత్రం ఆరింటికి ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. దెబ్బ తగిలిన వెంటనే అబ్బాయి ఎలా ఉన్నాడని డాక్టరు అడిగి రాసుకున్నాడు. స్పృహ, జ్ఞాపకం సరిగా ఉన్నాయని, పరీక్షించే పంపానని జంగయ్య చెప్పాడు. కాలేజీ తరఫున దేవానందం అదే మాట కాగితం మీద రాసి తెచ్చాడు. జంగయ్య దాని కింద సంతకం పెట్టాడు. తను చూసింది అదే.

జోగారావు ఆయన దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు మూడూ అడిగే పంపారటండి. మావాడు గబగబా చెప్పేశాడట. అంటే తల బాగానే పనిచేసిందన్నమాటే కదండీ. మీరు చూశారంటే ఇంక మాకు అనుమానం లేదండి. మా ఆవిడకీ అదే చెప్పాను."

జంగయ్య అతని చేతులు వదల్లేదు. ఏం కాదన్నాడు. రాఘవేందర్ పక్కన నిలబడి అది కూడా విన్నాడు. జోగారావు వెళ్ళిన తర్వాత సార్‌ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ మరెవరూ లేరు.

"వాడు చెప్పినయి మూడూ తప్పు సార్."

"ఏం తప్పు? ఒకటి ఒకటి. పట్టాల దిక్కు. విష్ణు."

"అది ఫస్ట్ హాఫ్. అప్పటికి మనం రెండు ఒకటి. రెండోది కొట్టింది వాడే."

"ఎప్పుడు?"

"దెబ్బ తగిలే పది నిమిషాల ముందు. మీరు లేచి చప్పట్లు కొట్టిండ్రు."

జంగయ్య కళ్ళు మూసుకున్నాడు. వెతుకుతున్నాడని రాఘవేందర్‌కు తెలిసింది. దొరకలేదనీ తెలిసింది.

"నువ్వు విన్నవా వాడు చెప్పింది?"

"విన్న."

"మరి?"

"పోరల ముందట ఎట్ల చెప్పాలె సార్. మీరు ఇటు తిరుగుతరని చూసిన."

"ఎప్పటిసంది ఇట్ల?"

"నిరుడు దసరాసంది."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తే దిగుతుంటిరా?"

జంగయ్య ఆలోచించాడు. "దిగకపోతుంటి," అన్నాడు. మళ్ళీ తనే, "అయినా చెప్పాలె," అన్నాడు.

దేవానందం అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. జంగయ్య ఆ కాగితం వెనక్కివ్వమని అడిగాడు. దేవానందానికి సంగతి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ తండ్రి ఈ పూట తట్టుకోలేడన్నాడు. నలభై ఆరేళ్ళ పేరు ఒక్క మాటతో పోతుందన్నాడు. చివరికి ఇలా అన్నాడు. "రెండో గోలు మీకే గుర్తు లేదంటున్నారు సార్. గుర్తు లేనిదాని గురించి మీరేం చెబుతారు?" దేవానందం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మ్యాచ్ గెలిచాం, రేపు ఫైనల్‌కు పిల్లలు మిమ్మల్నే చూస్తారు, పోయి పడుకోండి అన్నాడు.

ఆపరేషన్ అయింది. కళ్ళు ఎప్పుడు తెరుస్తాడో చెప్పలేమన్నారు.

మర్నాడు పొద్దున జంగయ్య ఆరింటికి లేచాడు. ఎల్లమ్మ టీ ఇచ్చింది. ఎటు వెళ్తున్నాడో చెప్పాడు. నేను సుత వస్త అందామె. వద్దన్నాడు. కాగితం ముక్క మీద ఆస్పత్రి పేరు, అంతస్తు రాసి ఇమ్మన్నాడు. ఆమె రాసిచ్చింది. ఆటో అతనికి ఆ ముక్క చూపించి ఎక్కాడు.

జోగారావు ఐసీయూ బయట కుర్చీలో ఉన్నాడు. లేచి నమస్కారం పెట్టబోయాడు. జంగయ్య కూర్చోమని చెప్పి, తను నిలబడే చెప్పాడు. మీవాడు మూడూ తప్పే చెప్పాడని, తప్పని తనకు తెలియలేదని, తన తలా సరిగా లేదని, ఏడాదిగా లేదని, అయినా ఎవడు ఆడాలో తనే చెబుతూ వచ్చానని.

"ఇది నాకెందుకు చెబుతున్నారు?" అన్నాడు జోగారావు.

"డాక్టర్‌కు తప్పు రాయించినం. దిద్దాలె."

"మీరు వెళ్ళిపోండి. నా ఎదురుగా ఉండకండి."

"పోత. డాక్టర్‌కు చెప్పి పోత."

జోగారావు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. జంగయ్య వరండా చివరికి వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాడు. ఎనిమిదిన్నరకు ఫోను మోగింది. రాఘవేందర్. పిల్లలు వచ్చేశారని, పదకొండు పేర్లు రాయాలని, ఎక్కడున్నారని అడిగాడు.

"నన్నడగకు. నువ్వే రాయి."

"ఇయ్యాలటికా సార్?"

"ఇయ్యాల, రేపు, ఎల్లుండి. ఇంక నన్నడగకు."

జెనిఫర్ అనే నర్సు కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు. తొమ్మిదింబావుకు డాక్టరు వచ్చాడు. జంగయ్య ఆయన దారికి అడ్డంగా నిలబడి, నిన్న డాక్టరు రాసుకున్న కాగితం తీయమన్నాడు. మొదటి సగం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ళ గోలు, విష్ణువర్ధన్ గోలు, విరామం. అక్కడ ఆగాడు. ఆ తర్వాతి గోలు తనకు గుర్తు లేదన్నాడు. కుర్రాడికీ గుర్తు లేదన్నాడు. ఆ రెండూ రాసుకోమని, డాక్టరు కలం తీసేదాకా అక్కడి నుంచి కదల్లేదు.