మా సరిత అర్రకు పర్మిషన్ కావాల్నట

మా బిడ్డ సరిత సచ్చిపోయినంక ఉత్తగున్న ఆమె అర్రను సూడబుద్ది గాక, ఏడుపాయల జాతరకొచ్చేటోళ్లకు రెండు దినాలు కిరాయికిస్తున్న. ఇయ్యాల పొద్దుగాల మున్సిపాలిటీ సారు వచ్చిండు.

"అమ్మా, పర్మిషన్ లేకుండ లాడ్జీ నడుపుతున్నవు. అర్రకు తాళమేస్తం" అన్నడు.

సిద్దిపేట నుంచొచ్చి దిగినామె వాకిట్ల కూసోని నా బియ్యంల రాళ్లేరుతున్నది. ఆమె మొగడు బాయిల నీళ్లు చేదుతుండు. "సారూ, ఏ లాడ్జీల దిగినోళ్లతోని గిట్ల పని చేపిస్తరు?" అన్న. సారుకు నవ్వాగలే. "గా అర్రల ఎవరన్న దగ్గితేనే నాకు నిద్ర పడ్తది సారూ" అని గూడ చెప్పిన. ఇగ తాళం మాట ఇడిచిపెట్టి, ఫారం నింపి తెమ్మని నా చేతుల పెట్టిండు.

గేటు దాక పోయి మల్ల ఎన్కకొచ్చిండు. "అమ్మా, ఎల్లుండి మా అత్తమామలు జాతరకొస్తుండ్రు. జర అర్ర దొరుకుతదా?"

"దొరుకుతది సారూ, మీ ఆఫీసోళ్లు పర్మిషన్ ఇయ్యంగనే."

ఫారం నింపుడు నాకు రాదు. సారే అరుగు మీద కూసోని మొత్తం నింపిండు. మీరే చెప్పుండ్రి, ఆయనకు చాయ్ పోసుడు లంచం కిందికొస్తదా?