లోపం నాదేనన్న మనిషి

కామారెడ్డిలో ఒక సంతాన చికిత్స ఆసుపత్రిలో నేను నర్సును. వీర్యకణాలు తక్కువగా ఉన్న మగవాళ్లకు ఒక పోషకాల మాత్ర పనిచేస్తుందేమో అక్కడ పరీక్షించారు. కొందరికి అసలు మాత్ర, కొందరికి అదే రంగులో మందులేని మాత్ర. ఎవరికి ఏది వెళ్తుందో మాకూ తెలియదు. నెలనెలా డబ్బాలు ఇచ్చి, మిగిలినవి లెక్కపెట్టడం నా పని.

వచ్చినవాళ్లలో ఎల్లారెడ్డి దగ్గరి తండా రైతు ఒకాయన ఉండేవాడు. మాదీ ఎల్లారెడ్డే కాబట్టి అప్పుడప్పుడు ఒకే బస్సులో వచ్చేవాళ్లం. ఒకరోజు ముందు సీట్లోని ముసలమ్మ ఆయన భార్యను అడిగింది.

"ఏం బిడ్డా, ఇంకేం విశేషం లేదా? మందులు గిట్ల తింటున్నవా?"

ఆమె తల దించుకుంది. ఆయనే జవాబిచ్చాడు.

"ఆమెకేం లేదు అవ్వా. లోపం నాదే. మందు నేనే తింటున్న."

నాకు మా వదిన గుర్తొచ్చింది. పిల్లల కోసం ఆమెను ఎన్ని దవాఖానాలు తిప్పారో లెక్కలేదు. మా అన్న ఒక్కసారి కూడా పరీక్షకు పోలేదు. నేను నర్సునై ఉండి కూడా అన్నను పొమ్మని అడగలేకపోయాను.

మాత్రలు మింగనివాళ్లు మిగిలినవి పారేసి ఖాళీ డబ్బాలు తెస్తారేమోనని నాకు అనుమానంగా ఉండేది. ఈయన మాత్రం ఒక నెల పదకొండు మాత్రలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"వరికోతలల్ల పడి మర్చిపోయిన మేడం. తిన్ననని చెప్తే మీ లెక్క తప్పయితది."

చివరికి డాక్టరమ్మ ఆ భార్యాభర్తలను కూర్చోబెట్టి ఫలితం చెప్పింది. ఆయనకు వచ్చింది అసలు మాత్రే. అయినా కణాలు పెరగలేదు. మొత్తం మీద చూసినా రెండు మాత్రలకూ తేడా కనిపించలేదు. ఆయన డాక్టరమ్మను ఒక్కటే అడిగాడు.

"అయితే ఇగ ఈ మాత్ర ఎవ్వరికీ రాయరు గదా?"

"మేమైతే రాయం."

"గది మంచిగయింది. నా తీరుగ ఇంకొకడు ఊకె ఆశ పెట్టుకోడు."

వేరే చికిత్సలున్నాయని డాక్టరమ్మ వివరించింది. ఆలోచించుకుని వస్తామన్నారు. వాళ్లకు ఇంకా పిల్లలు లేరు. ఫలితం చెప్పిన కొన్నాళ్లకు అదే తండా నుంచి ఒక యువకుడు ఒంటరిగా పరీక్షకు వచ్చాడు. భార్యను తీసుకురాలేదేమని అడిగాను.

"మా తండాల మీ మాత్ర తిన్న అన్న చెప్పిండు మేడం, మొదలు నువ్వు చూపించుకోమని."