పెద్దమ్మ ఢిల్లీలో పలకరించిన పేరు

పోయిన నెల ఒక ఉదయం నంద్యాలలో మా వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మ పోయింది పాపా" అని ఒక్క మాట చెప్పి, ఇక మాట్లాడలేక ఫోన్ నాన్నకు ఇచ్చేసింది. మా పెద్దమ్మది ఆళ్లగడ్డకూ కోయిలకుంట్లకూ నడుమ ఒక పల్లె. ఆ రోజు పొద్దున్నే ఎనుముకు నీళ్లు పెట్టి, అరుగు మీద కూర్చుని, పెద్దనాయనను తాగడానికి మంచినీళ్లు అడిగిందట. ఆయన చెంబుతో వచ్చేసరికి గోడకు ఆనుకుని, నిద్రపోతున్నట్టుగా ఉందట.

ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నాక నాకు గుర్తొచ్చింది మాత్రం ఆ పల్లె కాదు. ఢిల్లీ. ఒక చలికాలపు ఆదివారం, పొగమంచులో నాకంటే ముందు చకచకా నడిచిపోతున్న పెద్దమ్మ.

ఆమె కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. పెద్దమ్మకు పెద్దనాయన రెండో భర్త. మొదటి భర్త సైన్యంలో సిపాయి. పెళ్లయిన కొన్ని నెలలకే బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. సెలవు మీద ఊళ్లో ఉన్నవాణ్ని వెనక్కు పిలిచారు. తర్వాత టెలిగ్రామ్ వచ్చింది. శవం రాలేదు. అక్కడే సరిహద్దు దగ్గర దహనం చేశారని తెలిసింది. తలమీద చెయ్యిపెట్టి ఏడవడానికి మనిషి లేడు, దీపం పెట్టడానికి సమాధి లేదు.

ఏడాది తిరిగాక ఆమె మామే, అంటే ఆ సిపాయి తండ్రే, మా తాత ఇంటికి వచ్చాడట. "వాడు పోయినాడు. ఈ పిల్ల ఉండాది. ఉండేటోళ్లు బతకాల గదప్పా. నా కూతురనుకోని నేనే సంబంధం సూసినా" అన్నాడట. ఆ కాలంలో, మా ఇళ్లల్లో, అది చిన్న మాట కాదు. ఊరంతా నోళ్లు నొక్కుకుంది. ఆ పెద్దాయన దగ్గరుండి పెళ్లి చేసి, కొత్త కాపురానికి ఎద్దులబండిలో తానే దిగబెట్టి వెళ్లాడు.

అలా పెద్దమ్మ మళ్లీ ఇల్లాలయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, శనగ చేలు, ఎనుములు. నా చిన్నప్పుడు సెలవులకు వెళితే ఆమె ఒక చోట కూర్చోగా చూసిన గుర్తు లేదు. ఇంటికి ఎవరొచ్చినా, కరెంటు బిల్లు ఇచ్చే మనిషైనా సరే, మంచినీళ్లు తాగనిదే కదలనిచ్చేది కాదు. ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్లేది, వాళ్లతో కలిసి ఏడ్చేది, తర్వాత బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించేది. "యాడ్సాల్సిందే. యాడ్సినాక అన్నం తినాల్సిందే" అనేది. మొదటి భర్త పేరు మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ ఎత్తలేదు, అంతే. మళ్లీ పెళ్లి చేసుకున్న మనిషికి ఆ దుఃఖం మీద హక్కు ఉంటుందో ఉండదో ఆమెకే తెలియలేదనుకుంటాను.

ఉద్యోగరీత్యా నేను కొంతకాలం ఢిల్లీలో ఉన్నాను. స్వాతంత్ర్యం వచ్చాక యుద్ధాల్లో చనిపోయిన సైనికులందరి పేర్లూ గోడలకెక్కించిన జాతీయ స్మారకం అక్కడ తెరిచారని పెద్దనాయన టీవీలో చూశాడు. నాకు ఫోన్ చేసి, "మీ పెద్దమ్మను తోలుకోని వస్తాండా. ఆడికి తీసకపోవాల" అన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదట. "ఈ వయసులో నాకెందుకు అయ్యన్నీ" అందట. "నీకు కాదులే, నాకు సూడాలని ఉండాది" అని ఆయన డోన్ దాకా తీసుకొచ్చి, తానూ ఆమెతోపాటు రైలెక్కాడు.

యుద్ధ స్మారకాలన్నీ నడుస్తూ చూపించే బృందం ఒకటి ఉంటే అందులో మా పేర్లు రాయించాను. వివరాలు చెప్పే అమ్మాయి హిందీలో, ఇంగ్లీషులో చెప్పేది. నేను పెద్దమ్మకు తెలుగులో చెప్పేదాన్ని. మొదట తీన్‌మూర్తి కూడలిలో ముగ్గురు కంచు సిపాయిల విగ్రహాల దగ్గర ఆగాం. ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాద్ సంస్థానపు దళానికి గుర్తు అని చెప్పగానే పెద్దమ్మ ముఖం విప్పారింది. "మన పక్కనోడే! ఇంత సలిలో నిలబడుకోని ఉండాడే పాపం" అంది. చెప్పులు విడిచి దండం పెట్టింది. చల్లటి రాళ్ల మీద ఉత్త కాళ్లతో నిలబడొద్దని నేనంటే వినలేదు. అప్పట్నుంచి ప్రతి స్మారకం దగ్గరా ఆమె చెప్పులు విడవడం, పెద్దనాయన వాటిని చేత్తో పట్టుకుని పక్కన నిలబడటం. బృందంలో కొందరు నవ్వుకున్నారు. ఆయనకు పట్టలేదు.

అక్కడి నుంచి ఇండియా గేట్ దాకా నడక. చెట్ల నీడల్లో, వెడల్పాటి దారి పక్కన. మిగతావాళ్లు ఆయాసపడుతుంటే పెద్దమ్మ ముందుకెళ్లి నిలబడి, "బేగా రాండప్పా" అని పిలిచేది. ఇండియా గేట్ గోడల మీద మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయని చెప్పాను. ఆమె మెడ వెనక్కు వాల్చి చాలాసేపు చూసింది.

"అంత ఎత్తున రాస్తే సదివేదెవురు పాపా? వాళ్లమ్మ వస్తే యాడ తడుముకుంటాది?"

నేను ఆ మాటను గైడ్ అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి మెల్లగా, "మీవాళ్లెవరైనా సైన్యంలో ఉన్నారా?" అని అడిగింది. పెద్దమ్మ మొదటి భర్త గురించి చెప్పాను. "పేరేమిటి? స్మారకంలో వెతికిపెడతాను" అంది.

పెద్దమ్మ తలవంచుకుంది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పైగా పక్కనే పెద్దనాయన. నాకా పేరు తెలియదు. అప్పుడు పెద్దనాయన గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా ఆ పేరు చెప్పాడు. ఏ దళమో, ఏ సరిహద్దు దగ్గర పోయాడో కూడా చెప్పాడు. పెద్దమ్మ చప్పున తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"నీకెట్ల తెలుసు?"

"మీ మామ సెప్పినాడు, పెండ్లి రోజు. మర్సిపోవద్దప్పా అన్న్యాడు. మర్సిపోలా" అన్నాడాయన.

జాతీయ స్మారకంలో పేర్ల గోడలు గుండ్రంగా తిరిగి ఉంటాయి. గైడ్ అమ్మాయి ముందు నడిచి, వెతికి, ఒక చోట ఆగి చెయ్యి చూపింది. ఛాతీ ఎత్తులోనే ఉంది ఆ పేరు. పెద్దమ్మకు రాని లిపి. నేను ఒక్కో అక్షరం చదువుతుంటే ఆమె చూపుడువేలు దాని మీద నడిచింది. చివరి అక్షరం దాకా వెళ్లాక అరచెయ్యి మొత్తం రాయికి ఆనించి, పొరుగూరి చుట్టాన్ని పలకరించినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది.

"బాగుండావా? నేను బాగుండా. ఇద్దురు కొడుకులు, ఒక కూతురు. మీ నాయన దేవునట్లాంటోడు, నన్ను గంగలో కలపలా. మీ సేను మీ తమ్ముడే సేస్తాండాడంట, అమ్ముకోలేదంట. మీ అమ్మ కడాకు నీ పేరే తలుసుకునిందంట."

కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ తర్వాత వెనక్కు తిరిగి, దూరంగా చెప్పులు పట్టుకుని నిలబడ్డ పెద్దనాయనను చెయ్యి ఊపి పిలిచింది. ఆయన వచ్చి చెప్పులు కింద పెట్టాడు.

"ఇదో, నన్ను సూసుకున్న్యాయన ఈయప్పే" అని గోడకు చెప్పింది.

పెద్దనాయన చేతులు జోడించాడు. "ఏం కష్టపెట్టలా అన్నా. నాకు శాతనైనంత బాగనే సూసుకున్న్యా" అన్నాడు. నాకు తెలిసినంతలో ఆయన అంత పెద్ద మాట ఎప్పుడూ మాట్లాడలేదు. గైడ్ అమ్మాయికి తెలుగు రాదు. అయినా ఆమె ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

బయటికి వచ్చి గడ్డిలో కూర్చున్నాక పెద్దమ్మ సంచిలోంచి బొరుగులు, వేయించిన వేరుశనగ బుడ్డలు తీసి అందరికీ పంచింది. తాను కూడా ఆకలిగా తినింది. "ఇంగేం యాడున్నాడో అనే దిగులు లేదు పాపా" అంది.

ఊరికి తిరిగి వెళ్లాక ఆమె పిల్లలను కూర్చోబెట్టి ఆ సిపాయి గురించి చెప్పింది. తర్వాత ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పుల దగ్గరికి పెద్దకొడుకును వెంటబెట్టుకుని వెళ్లింది. తుపాకీ పట్టుకున్న సిపాయి బొమ్మ బాగుంటుందని శిల్పి చెబితే, "బొమ్మొద్దప్పా. పేరు సాలు. తెలుగులో, బడి పిల్లోళ్ల చేతికి అందేటట్ల" అంది. ఆ రాయిని మొదటి అత్తగారి ఊళ్లో, బడి గోడకు పెట్టించారు. రెండో పెళ్లయ్యాక ఆమె ఆ ఊళ్లో అడుగు పెట్టడం అదే మొదలు. ఎలా చూస్తారో అని ఆటో దిగడానికే జంకింది. సిపాయి తమ్ముడు, జుట్టంతా నెరిసిన మనిషి, ఎదురొచ్చి, "రా వదినా. ఇన్నేండ్లకు దావ కనపడిందా?" అని చెయ్యందించాడు. అప్పట్నుంచి రెండిళ్ల మధ్య రాకపోకలు మొదలయ్యాయి. వీళ్ల శనగలు అక్కడికి, వాళ్ల చింతపండు ఇక్కడికి. చివరి ఏళ్లలో పెద్దమ్మ నవ్వు కొంచెం గట్టిగా వినపడేది. నాకు అలా అనిపించడం కాదు, మా అమ్మ కూడా అదే మాట అంటుంది.

ఆ రోజు బస్సు దిగి నేను వెళ్లేసరికి పెద్దమ్మ వాకిలి నిండా జనం. పాడె సిద్ధమవుతోంది. పెద్దనాయన అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "తిన్న్యావా పాపా?" అని అడిగాడు. అప్పుడే ఒక జీపు వచ్చి ఆగింది. సిపాయి తమ్ముడు, ఆయన కొడుకులు దిగారు. ఆ ముసలాయన తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని, పాడె ముందు వైపు వెళ్లి నిలబడ్డాడు. మొదటి మొగుడి తమ్ముడికి పాడె మోసే వరస లేదని ఎవరో పెద్దమనిషి గొణిగాడు. పెద్దనాయన అరుగు మీద నుంచే, "ఆయప్పను పట్టనీండి" అన్నాడు.

ముందు వైపు ఒక కొమ్ము పెద్దమ్మ పెద్దకొడుకు, మా పెద్దన్న పట్టుకున్నాడు, రెండోది ఆ ముసలాయన. శనగ చేల మధ్య బండిబాట మీద ఇద్దరి ఎత్తూ కుదరడం లేదు. కొంచెం దూరం పోయాక మా అన్న మోకాళ్లు కాస్త వంచి, ఆయన ఎత్తుకు తగ్గి నడవసాగాడు. పాడె సమంగా సాగింది. ఇరువైపులా శనగ అప్పుడే పూతకొచ్చి ఉంది.