కుడిచేతి పులిపిర్లు

మా ఇంట్లో ఆవకాయ కలిపేది నేనే. కాయలు ఏరడం, ముక్కలు తుడవడం, కారం, ఆవపిండి కొలవడం మా ఆవిడ పని. చివర్లో బేసిన్లో చెయ్యి పెట్టి కలపడం మాత్రం నాది. నా చెయ్యి పడితే బూజు పట్టదని మా అమ్మ ఎప్పుడో అన్న మాట ఇంటిల్లిపాదీ నమ్మారు. కంకిపాడులో ఉన్న మా చెల్లెలి జాడీ, పటమటలో ఉన్న మా మరదలి జాడీ కూడా మా వంటింట్లోనే నిండుతాయి. రిటైరయ్యాక నా చేతిమీదుగా ఇంకొకరికి అందేది ఏమన్నా మిగిలిందంటే అదొక్కటే.

ఆ చెయ్యే పాడైంది. మణికట్టు మీద, వేళ్ల వెనక పులిపిర్లు గోధుమరంగు మచ్చలుగా మొదలై, క్రమంగా ఉబ్బి, నల్లబడి, గరుకుదేలాయి. గోటితో గీకితే పాత మైనంలాంటి పొడి రాలేది. ఆ పొడిని వాసన చూసేవాణ్ణి. అసహ్యం వేసేది, మర్నాడు మళ్లీ గీకి మళ్లీ చూసేవాణ్ణి.

పోయిన వేసవిలో మా మరదలు జాడీ తీసుకోవడానికి వచ్చి బేసిన్ పక్కన నిలబడింది.

"బావగారూ, మీ చెయ్యి ఎండు కాకరకాయలా తయారైందేంటండీ! గరిటె పెట్టి కలపకూడదూ?"

"నీకెందుకే, తినేవాళ్లకి లేని బాధ" అంది మా ఆవిడ.

"తినేది నేనేగా అక్కా!"

అందరం నవ్వాం. కొన్ని నెలల తర్వాత వాళ్లింటికి భోజనానికి వెళ్తే అలమరలో మా జాడీ కనిపించింది. మూతమీది గుడ్డకి నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆ పూట మా మరదలు బజార్లో కొన్న సీసాలోంచి నాకు ఆవకాయ వడ్డించింది.

అందుకని ఈ ఏడు కాయలు రాకముందే పటమటలో ఒక స్కిన్ క్లినిక్కి వెళ్లాను. మోకాళ్లు వణికేంత ఏసీ, గోడనిండా నున్నటి ముఖాల ఫోటోలు, సబ్బో పువ్వో తేల్చుకోలేని తీపి వాసన. డాక్టరమ్మ నా చేతిని లైటు కింద తిప్పి చూసింది.

"ఏం భయం లేదంకుల్. వయసుతో వచ్చేవే. తీయించుకోకపోయినా పర్లేదు."

"తీసెయ్యండమ్మా."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని నవ్వింది. నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను.

తిమ్మిరెక్కే క్రీము రాసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి కూర్చోబెట్టారు. తర్వాత సన్నటి కరెంటు సూదితో ఒక్కొక్కదాన్నీ కాల్చారు. నొప్పి లేదు. వాసన వచ్చింది. ఆదివారం పొద్దున మాంసం కొట్టు ముందు మేకకాళ్లు కాల్చేటప్పుడు వచ్చే వాసనే. చిన్నప్పటినుంచీ ఆ వాసనకి నాకు నోరూరేది. ఆ రోజూ ఊరింది. కాలుతున్నది నా తోలు, ఊరుతున్నది నా నోరు. డాక్టరమ్మ కాలినదాన్ని గీకి దూదికి తుడుస్తుంటే, ఆ దూది మీద చింతపండు పిప్పిలా పేరుకుంది. కళ్లు మూసుకుంటే వాసన ఇంకా ఎక్కువైంది. ఆటోలో ఇంటికి వస్తూ చెయ్యి బయటికి చాపి పెట్టుకున్నాను, గాలికి పోతుందేమోనని. ఆ రాత్రి డైరీలో పూర్తిగా రాయబుద్ధి కాక 'వాసన' అని ఒక్క మాట రాసి మూసేశాను.

"పక్కులు కడతాయి, అవే రాలిపోతాయి. గిల్లకండి, తడి తగలనివ్వకండి" అని క్లినిక్లో చెప్పి పంపారు. రెండు రోజుల్లో చెయ్యంతా నల్లటి పక్కులు. మునుపటికన్నా హీనంగా ఉంది. అవన్నీ రాలాకే ఆవకాయ పెట్టుకుందాం అనుకున్నాం. ఇంతలో గాలివాన వచ్చింది. కాయ రాలిపోతోంది, ఇక మంచి కాయ దొరకదని మా ఆవిడ మార్కెట్కి వెళ్లి కొట్టించుకొచ్చేసింది. కొట్టిన ముక్క రేపటిదాకా ఆగదు.

"గ్లవుజు తెచ్చాను, వేసుకోండి" అంది.

"గ్లవుజు వేసుకుంటే నా చెయ్యి పెట్టినట్టు ఎలా అవుతుంది?"

"ఇవాళ్టికి మీ చెయ్యి లేకపోతే కొంప మునగదు లెండి."

ఆ మాటకి రోషం వచ్చింది. పక్కులు గట్టిగానే ఉన్నాయి, అరచెయ్యి శుభ్రంగా ఉంది. ముక్కల్ని కింది నుంచి పైకి తీస్తూ, నూనె పట్టేలా కలిపాను. అయిపోయి, శనగపిండితో జిడ్డు వదిలిస్తుంటే మణికట్టు పక్కన భగ్గుమంది. చూస్తే అక్కడ గులాబీరంగు గుంట ఉంది, పక్కు లేదు.

గచ్చు మీద వెతికాను. పంచె దులిపాను. బేసిన్ అంచు చూశాను. తర్వాత బేసిన్లో గరిటెతో వెతకడం మొదలుపెట్టాను. ఆవపొట్టు నలుపు, మెంతి గోధుమరంగు, వెల్లుల్లి తొక్క పలచన. ఏది పట్టుకున్నా అదే అనిపిస్తుంది, నలిపితే కాదు.

మా ఆవిడకి చెప్పాను. గరిటె నా చేతిలోంచి లాక్కుంది.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?"

"నాకు తెలుసుగా."

"పోనీ, వాళ్లకి పంపొద్దు. మనిద్దరమే తిందాం. మొగుడి ఒంటి తోలేగా, చావనులే" అని నవ్వబోయింది. కంచంలో వేడి అన్నం పెట్టి కాస్త కలిపి నా ముందుకి తోసింది. "ముందు మీరు తినండి."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక కింద చిన్నది, గరుకైనది ఏదో తగిలింది. అది ఆవగింజే అయివుంటుంది, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఆవగింజే. కానీ ఆ మేకకాళ్ల వాసన ముక్కులోకి వచ్చేసింది. పరుగెత్తి సింకులో ఊసి, పుక్కిలించి, ఉన్నదంతా కక్కేశాను. ఇద్దరం బేసిన్ పెరట్లోకి మోసుకెళ్లి, కొబ్బరిచెట్టుకి దూరంగా గొయ్యి తవ్వి ఆవకాయంతా అందులో కుమ్మరించాం. నూనె మట్టిలోకి ఇంకడానికి చాలాసేపు పట్టింది. ఎర్రగా, జిగురుగా, బుడగలు వస్తూ ఉంది. చూడలేక ముఖం తిప్పుకుని పారతో మట్టి లాగాను.

దొరికిన నాసి కాయలతో ఆ వారంలోనే మా ఆవిడ మళ్లీ పెట్టింది. తనే కలిపింది. నేను కుర్చీలో కూర్చుని చూశాను. మూడోనాడు తిరగకలిపి, ఉప్పు చూడమని వేడన్నంలో ముద్ద కలిపి నా చేతిలో పెట్టబోయింది.

"ఒకసారి నీ చెయ్యి చూపించు" అన్నాను.

"ఏ చెయ్యి?"

"కలిపిన చెయ్యి."

మా ఆవిడ ముద్ద కంచంలో పెట్టేసింది. కారం మరకలున్న చేతిని నా కళ్లజోడు దాకా తెచ్చి, ముందోసారి, వెనకోసారి తిప్పింది.

"చూశారా? గోళ్లు కూడా చూస్తారా?"

గోళ్లు కూడా చూశాను. ఆ తర్వాతే తిన్నాను.