మాడ్యూల్‌కు పెట్టిన ముద్దుపేరు

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు మన అక్షరాలంటే ఎంత చులకనో ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. నాకు మాత్రం ఆ మంట ఈమధ్యదాకా చల్లారలేదు. కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాను. కర్నూలులో పాత పుస్తకాల అంగట్లో దొరికిన అట్టలేని పుస్తకమే నా గురువు (మొదటి పాఠాలు చెదలు తిన్నాయి, అందుకే నడిమధ్య నుంచి ప్రోగ్రామర్నయ్యాను). బనగానపల్లెలో మామిడి మండీ నడిపే వరస మామ ఒకాయన, ఎవరి తోట కాయ ఎంత తూగిందో చూపే ప్రోగ్రాం రాయమని నన్ను పిలిపించాడు. సీజన్ మొదలయ్యే రోజుకు అది నడిస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే నందికొట్కూరు తిరిగిపోయి మా నాయన మిరపచేలో కలుపు తీయాలి.

తీరా ఆ రోజు వచ్చాక మామ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఆ మండీలో ఏది వాడాలన్నా ముందు దానిమీద అహోబిలం స్వామి పేరు తెలుగులో రాయాలి. తక్కెడ మీద ఉంది, తలుపు మీద ఉంది, ఆఖరికి మంచినీళ్ల కుండ మీద కూడా ఉంది.

“ఏమల్లుడూ, దీంట్లో మొదటి ముక్క పేరేంది?”

(ప్రోగ్రాంను ముక్కలుగా రాసి ఒక్కోదానికి ఒక పేరు పెడతాం. ఆ ముక్కనే మాడ్యూల్ అంటారు.) “మెయిన్ అని పెట్టినా మామా.”

“యాడి మెయిన్? వాడేమన్నా మన తోటకు నీళ్లు కట్టినాడా? నరసింహా అని తెలుగులో పెట్టు.”

పెట్టాను. తెలుగు చూపించే కార్డు కంప్యూటర్‌లో ముందే బిగించి ఉంది, అక్షరాలు చక్కగా కనిపించాయి. యంత్రం మాత్రం ఆ పేరు చెల్లదని తోసేసింది. తెరమీద చూపే మాటలు తెలుగులో ఉండొచ్చట, మాడ్యూల్ పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలట! (అంటే మనం అరుగు మీద కూర్చోవచ్చు, గడప దాటకూడదు.) ఎన్నిసార్లు కొట్టినా అదే మాట.

“స్వామి పేరు ఒప్పుకోని పెట్టె నా మండీలో వద్దప్పా, ఎత్తకపో,” అన్నాడు మామ. బయట ట్రాక్టర్లోంచి కాయలు దించుతున్నారు. నా కళ్ల ముందు మిరపచేను ఊగింది.

కంప్యూటర్‌కు బొట్టు పెట్టడానికి పసుపుకుంకాల పళ్లెంతో వచ్చిన అత్త అంతా వింది. “శానా బాగుండాది మీ పంచాయితీ! మన చిన్నోనికి బళ్లో ఏదో పేరు రాయించినావు. ఇంట్లో నరసిమ్మా అని పిలుస్తాండాం, పలుకుతాండాడా లేదా? దీనికీ అట్లే పెట్టండి!”

“అట్లే కానీ,” అన్నాడు మామ. నాకు ప్రాణం లేచొచ్చింది. బడిపేరు మెయిన్‌గానే ఉంచి, తెరమీద ‘నరసింహా’ ఎంచుకుంటే అదే నడిచేలా కట్టాను. మామ వేలితో నొక్కాడు. తూకం పట్టీ తెరమీదికొచ్చింది. “పలికినాడప్పా!” అని రెండు చేతులూ జోడించాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

మొన్న, ఒక కొత్త ప్రోగ్రామింగ్ భాషలో మాడ్యూల్ పేర్లకు ఏ భాష అక్షరాలైనా చెల్లుతాయని చదివాను. నమ్మలేదు. కళ్లజోడు తుడుచుకుని, పోట్లాటకు సిద్ధపడి, ‘నరసింహా’ అని కొట్టాను. మారుమాట లేకుండా నడిచింది. ఇన్నేళ్లు దాచుకున్న తిట్లన్నీ వృథా! గుండెల మీది బరువు దిగిపోయింది. చూడ్డానికి మామ లేడు, అత్తా లేదు. ఆ తర్వాత దానికి ‘మెయిన్’ అని ముద్దుపేరు కూడా తగిలించాను. పాపం, అదీ ఇన్నాళ్లు నాకు అన్నం పెట్టింది కదా.