దొరగారి గిన్నెలో కొవ్వు

మా అత్తయ్య మాంసం కొట్టులో ఉదయాలు కత్తి అంచు మీద మెరుస్తూ మొదలవుతాయి. ముక్కకు అంటుకున్న తెల్లటి కొవ్వును ఆమె ఒడుపుగా కోసి తీస్తుంటే మీగడ జారినట్టుంటుంది. కొనేవాళ్లందరూ కొవ్వు వద్దంటారు. తీసేసిన కొవ్వు, కోడి తోళ్లు బల్ల కింది గిన్నెలో పడేవి. సాయంత్రానికి నిండిన ఆ గిన్నె ఇంట్లో దొరగారికి.

దొరగారంటే కుక్క. మామయ్యకు వినికిడి పూర్తిగా పోయాక ఆయన చెవులు అదే. ఎవరైనా తలుపు తడితే వెళ్లి ఆయన మోకాలిని మూతితో పొడుస్తుంది. అత్తయ్య కొట్టులో నిశ్చింతగా నిలబడేది ఆ మూతి మీద నమ్మకంతోనే.

ఒక ఉదయం దొరగారు తిన్నదంతా కక్కి, వీపు విల్లులా వంచి గోడ మూలన నిలబడిపోయింది. పశువుల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి సెలైన్ ఎక్కించింది.

"పచ్చి మాంసం పెట్టడం సరే, ఇంత కొవ్వా? క్లోమం వాచింది. ఇంకోసారి ఇలా అయితే దక్కదు. కోలుకున్నాక తోలు తీసిన కోడి రొమ్ము ముక్కలే, కొంచెం కొంచెంగా పెట్టండి."

పక్కనున్న మామయ్య ఎప్పటిలాగే తలూపాడు.

అత్తయ్య గిన్నెలో తిండి మార్చింది. కొన్నాళ్లు బాగానే ఉండి, దొరగారు మళ్లీ కక్కింది. "ఒక్క చుక్క కొవ్వు పెట్టలేదే, ఏం పాపం చేశానే!" అని అత్తయ్య ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మామయ్య ఫ్రిజ్ తెరిచి, పాత తోళ్ల పొట్లం విప్పుతున్నాడు.

అత్తయ్య పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మరేంటే, దాని గిన్నెలో కొవ్వు లేని ముక్కలే వేస్తున్నావు! నీకు చెయ్యి రావట్లేదని నేనే పెడుతున్నా" అన్నాడాయన, నేరం పట్టుకున్నవాడిలా.

అత్తయ్య నేల మీద చతికిలబడింది. "ఊరంతటికీ చెప్పాను. ఈయనకే చెప్పలేదు చూడు."

లేచి ఆయన బొటనవేలు పట్టి కొవ్వు మీద ఆనించింది, తర్వాత తోలు తీసిన ముక్క మీద. కొవ్వును చూపి, కుక్క పొట్ట చూపి, నాలుక బయటపెట్టి కక్కుతున్నట్టు నటించింది. మామయ్య నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"నేనే పెట్టానా?"

ఆమె వేలితో ఆయన్ని చూపి, తన గుండె మీద తట్టుకుంది. ఇద్దరమూ అని.

అప్పటినుంచి కొవ్వు తీసే పని ఆయనదే. చూపుకు అందని పొరను కూడా బొటనవేలితో వెతికి పట్టేవాడు. దొరగారు కోలుకుంది గానీ, బొచ్చు ఎండుగడ్డిలా తయారైంది. ఈసారి అత్తయ్య డాక్టరమ్మ కుర్చీని మామయ్య వైపు తిప్పించింది. "కొవ్వు బొత్తిగా లేకపోయినా కష్టమే. ఇంతే వేసి చూడండి, పడకపోతే ఆపేయండి" అంటూ ఆమె తన చిటికెన గోరు చూపించింది.

ఆయన గోరంత ముక్క కోసి వేశాడు. మర్నాడు కొట్టుకు నడిచి వచ్చి, గిరాకీల తలల మీదుగా ఖాళీ గిన్నె ఎత్తి చూపించాడు. "అరిగింది!" అని వీధంతటికీ వినబడేలా అరిచాడు.

అత్తయ్య కత్తి పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది.

"ఏమ్మా, దండం నాకేనా?" అన్నాడు ముందున్న గిరాకీ.

"నువ్వూ ఒకటి ఉంచుకో నాయనా. ఇవాళ నా దగ్గర చాలా ఉన్నాయి."